రీమ్యాప్ చేయించే ముందు క్లచ్ సంగతి చూసుకోండి

ప్రశ్న: సార్, నాది 1.5 లీటర్ టర్బో డీజిల్ కారు, మాన్యువల్ గేర్లు. 78 వేల కిలోమీటర్లు తిరిగింది, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా 7 నెలలుంది. ఇదే ఇంజిన్ ఉన్న మా ఫ్రెండ్ కారుకి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్, అంటే అందులోని సాఫ్ట్‌వేర్ మార్పించడం, చేయించాడు, నేను నడిపి చూశా, మూడో గేర్‌లో కాలు పెడితే చాలు దూసుకుపోతోంది. పవర్ 25 శాతం పెరుగుతుంది, మైలేజ్ కూడా వస్తుంది, ఇంజిన్‌కి ఏమీ కాదు అంటున్నారు ట్యూనింగ్ వాళ్లు. ఇంట్లో మాత్రం బాగున్న బండిని ఎందుకు కెలుకుతావు అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడైతే వద్దండి. ఆ 7 నెలలు అవ్వనివ్వండి. మళ్లీ పాత ఫైల్, అంటే కంపెనీ సాఫ్ట్‌వేర్, ఎక్కించేస్తే ఎవరికీ తెలీదులే అని కొందరు చెప్తారు, నమ్మకండి, చాలా ఈసీయూల్లో ఎన్నిసార్లు రాశారో లెక్క లోపలే ఉంటుంది, రేపు టర్బో పోయిందనుకోండి, వారంటీ ఇచ్చే ముందు కంపెనీ వాళ్లు చూసేది అదే.

25 శాతం అనేది అబద్ధం కాదు. టర్బో బండిలో బూస్ట్ ప్రెజరూ (టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడి), ఇంజెక్టర్లు కొట్టే డీజిలూ ఈసీయూ చేతిలోనే ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ మారిస్తే అంత వస్తుంది, టర్బో లేని పెట్రోల్ బండికైతే 5 నుంచి 10 శాతం వస్తే గొప్ప. కానీ కంపెనీ వాడు ఆ పవర్ ఊరికే వదిలేయలేదండీ. నాసిరకం ఇంధనం పోసినా, మండుటెండలో ఫుల్ లోడ్‌తో ఘాట్ ఎక్కినా, ఆయిల్ టైముకి మార్చకపోయినా ఇంజిన్ నిలబడాలని ఆ జాగా ఉంచుతాడు. రీమ్యాప్ అంటే ఆ జాగాలోంచి మనం వాడేసుకోవడమే, అంటే ఇక మీదట సర్వీసు ఒక్కటి కూడా లేటు చేయడానికి ఉండదు.

అసలు నా భయం ఇంజిన్ గురించి కాదు, క్లచ్ గురించి. గుర్రపు శక్తి పైన ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరుగుతుంది, కానీ డీజిల్‌లో టార్క్, అంటే తిప్పే బలం, 1,500, 2,000 దగ్గరే ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఆ దెబ్బంతా తినేది క్లచ్ ప్లేటూ, దాని పక్కనే ఇంజిన్ అదురు తగ్గించే బరువైన చక్రం, డ్యూయల్ మాస్ ఫ్లైవీలూ. నా పాత డీజిల్ కారుకి 90 వేల దగ్గర చేయించా. మూడో వారం ఎక్కుడు రోడ్డు మీద లారీని దాటుదామని నాలుగో గేర్‌లో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు 2,000 నుంచి 3,000కి ఎగిరింది, బండి మాత్రం కదల్లేదు, లారీ వెనక చక్రం నా కిటికీ పక్కనే తిరుగుతూ ఉంది, లోపలంతా కాలిన వాసన. ఎలాగో మళ్లీ లారీ వెనక్కి వచ్చి పడ్డా, చేతులు వణికాయి. ఫైల్‌లో తప్పేం లేదు, క్లచ్ అప్పటికే అరిగిపోయి ఉంది, నేను చూసుకోలేదు అంతే.

అందుకే మీరు ఈ ఆదివారం ఒక పని చేయండి. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద నాలుగో గేర్‌లో 1,600 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ముల్లూ స్పీడూ కలిసి పెరిగితే ఫర్వాలేదు, ముల్లు ముందు పరిగెత్తి స్పీడ్ వెనకబడితే రీమ్యాప్ మాట మర్చిపోయి ముందు క్లచ్ చూపించండి. ఇప్పుడు ఉన్న టార్క్‌కే జారుతుంటే పెరిగాక ఒక్క నెల కూడా ఆగదు.

మైలేజ్ అంటారా, మెల్లగా నడిపితే కొంచెం రావచ్చు, కానీ కొత్త పికప్ వచ్చాక మెల్లగా నడిపేవాళ్లని నేనైతే చూడలేదు.

7 నెలల తర్వాత కూడా మనసు లాగితే, ఇంజెక్టర్లు, టర్బో పైపుల లీకులు చెక్ చేయించాకే వెళ్లండి. మీ ఈసీయూలో ఉన్న ఒరిజినల్ ఫైల్ చదివి కాపీ మీకివ్వమనండి, చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద పెట్టి చూపించమనండి, ఫైల్ ఎక్కిస్తున్నంతసేపూ బ్యాటరీకి బయటి నుంచి సప్లై ఉండాలి, మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ చచ్చిపోయి కారు అక్కడే ఆగిపోవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ముందే చెప్పండి, దాచిపెడితే యాక్సిడెంట్ అయిన రోజు క్లెయిమ్ దగ్గర మెలిక పెడతారు. తర్వాత ఎప్పుడైనా సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేస్తే మీ రీమ్యాప్ పోవచ్చు, అది కూడా గుర్తుంచుకోండి.

పనిలో పనిగా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపి విషవాయువులు తగ్గించే వాల్వ్) కూడా ఆఫ్ చేసేస్తాం అంటారు చూడండి, అక్కడ మాత్రం దయచేసి ఒప్పుకోకండి. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం, అదలా ఉంచినా ఆ మసీ, విషవాయువులూ మీ వెనకాల బైక్ మీద పిల్లాడిని కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్ల ముఖాన కొడతాయి. ఆ మాట ఎత్తినవాడి దగ్గర రీమ్యాప్ కూడా చేయించకండి, లేచి వచ్చేయండి.