తెలుగు టీవీ టైటిల్ లోగోలు ఒకప్పుడు బంగారు రంగులో గిర్రున ఎందుకు తిరిగేవి?

మీరడిగినవి రెండు. తొంభైల్లో తెలుగు టీవీ కార్యక్రమాల టైటిళ్లన్నీ బంగారు పూత పూసినట్టు మెరుస్తూ గిర్రున తిరుగుతూ ఎందుకొచ్చేవి? పాత వీడియోలో లోగో చూసి అది ఏ కాలానిదో చెప్పగలమా? ఆ రోజుల్లో హైదరాబాదులో ఛానెళ్లకు కార్యక్రమాలు చేసిచ్చే ఓ చిన్న స్టూడియోలో గ్రాఫిక్స్ పని చేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మొదటిదానికి జవాబు తేలిక. బంగారం మీద మాకేం మోజు లేదు, మా కంప్యూటర్లకు బాగా చేతనైన పని అదొక్కటే.

కంప్యూటర్ రాకముందు కదిలే లోగో అంటే కెమెరా కింద కాగితమే. అందరికీ గుర్తున్న దూరదర్శన్ కన్ను కూడా అలా తయారైందే. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీలో చదువుకుంటున్న దేవాశీష్ భట్టాచార్య ఆ బొమ్మ గీశారు. దాని నకళ్లను కెమెరా కింద పెట్టి, తిప్పుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీసి కదలిక తెచ్చింది ఆర్.ఎల్. మిస్త్రీ. సంగీతం పండిట్ రవిశంకర్ది. 1976లో దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపడినప్పుడు అది తెరమీదికి వచ్చింది. మరుసటి ఏడు హైదరాబాద్ కేంద్రం మొదలైంది. అప్పటి కార్యక్రమాల పేర్లు చాలావరకు ఆర్టిస్టు చేత్తో రాసిన క్యాప్షన్ కార్డులే. కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్లడం, ఒక కార్డు కరిగి ఇంకో కార్డుగా మారడం (డిజాల్వ్), అంతే యానిమేషన్. అక్షరాల అందం మాత్రం ఆ తర్వాత మేం చేసినవాటికంటే వాటిలోనే ఎక్కువ. ఈ మాట మా వాళ్లకు నచ్చదు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక లెక్క మారిపోయింది. రోజంతా కార్యక్రమాలు, ప్రతిదానికీ ఓ టైటిల్, బ్రేకుకు ముందూ వెనకా బంపర్లనే చిన్న టైటిల్ ముక్కలు. సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఖరీదైన మెషిన్లు పెద్దవాళ్లకే. మాలాంటి వాళ్లకు మామూలు పీసీ, అందులో డాస్ మీద నడిచే త్రీడీ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్, 1996 తర్వాత దాని కొత్త రూపం మ్యాక్స్. నిజమైన ప్రతిబింబాన్ని లెక్కగట్టే రే ట్రేసింగ్ మాకు అందుబాటులో లేదు. దానికి బదులు ఓ సూర్యాస్తమయం ఫొటోనో, నలుపూ పసుపూ కలిపిన చారలనో రిఫ్లెక్షన్ మ్యాప్‌గా అక్షరాలకు చుడితే లోహంలా కనిపించేది. ఖర్చు లేని మెరుపు. అయితే అక్షరం ముఖం చదునుగా ఉండి కదలకుండా నిలబడితే ఆ మ్యాప్‌లో ఒకే రంగు పడి అట్టముక్కలా ఉంటుంది. తిప్పితేనే మెరుపు ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతుంది. అందుకే అన్నీ తిరిగేవి. చివర్లో ఠక్కున వచ్చే లెన్స్ ఫ్లేర్ అనే వెలుగు మెరుపైతే, అక్షరాలు సరిగ్గా కుదరని చోటును కప్పెట్టడానికి మహా బాగా పనికొచ్చేది!

అసలు టెన్షన్ తెలుగు అక్షరాలతోనే. ఆ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైపు చేసే వీల్లేదు. పేజ్‌మేకర్ లాంటివాటిలో 'అను' అనే తెలుగు ఫాంట్లతో కొట్టి, ఔట్‌లైన్లుగా మార్చి మ్యాక్స్‌లోకి తెచ్చుకోవాలి. ఆ ఫాంట్లలో తలకట్టు, గుణింతం, వత్తు వేర్వేరు ముక్కలు. అవి ఒకదానిమీద ఒకటి ఎక్కిన చోట మందం ఇవ్వగానే బొక్క పడేది. 'రాష్ట్రం' అనే మాటే తీసుకోండి. 'ష' కింద 'ట' వత్తు, దానికి తోడు క్రావడి. ముక్కలన్నీ కలిపి ఒకే గీతగా అతికి, అనవసరమైన పాయింట్లు తీసేసి, అప్పుడు అంచుకు బెవెల్, అంటే ఏటవాలు కోత, ఇవ్వాలి. బెవెల్ కాస్త ఎక్కువైతే మన గుండ్రటి మెలికల్లో గీతలు ఒకదాన్నొకటి దాటి నల్లటి ముళ్లలా పొడుచుకొచ్చేవి. ఇంగ్లీషు టైటిల్ మధ్యాహ్నానికల్లా అయిపోతే తెలుగుది రాత్రయినా తెమిలేది కాదు. పైగా పాత టీవీలు ఫ్రేము అంచులను కోసేస్తాయి కాబట్టి, కింది వత్తు సేఫ్ ఏరియా, అంటే తెరమీద తప్పక కనిపించే భాగం, దాటకూడదు.

ఇక రెండర్, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునూ లెక్కగట్టి బొమ్మగా తీయడం. మన టీవీ ప్రసారాల పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే పది సెకన్ల టైటిల్‌కు 250. ఫ్రేముకు పది నిమిషాలు పట్టిందనుకోండి, దగ్గరదగ్గర 42 గంటలు. ఒక్కో ఫ్రేమూ నంబరుతో విడి టార్గా బొమ్మ ఫైలుగా సేవ్ అయ్యేది. కరెంటు పోయినా ఆగిన నంబరు నుంచే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. చివరికి వాటన్నిటినీ ఫ్రేములను వీడియోగా ఆడించే పర్సెప్షన్ కార్డులోకి ఎక్కించి, స్టూడియోలు వాడే బీటాక్యామ్ టేపు మీదికి దించేవాళ్లం. టేపు ఇచ్చేదాకా ప్రొడ్యూసర్ ఫోన్ల గోల సరేసరి.

2000 తర్వాత ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్ చౌకగా అందేసరికి బంగారం పోయి గాజు పొరలు, వెలుగు చారలు వచ్చాయి. ఆ తర్వాత రెడీమేడ్ టెంప్లేట్లు. వాటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, పేరు మార్చి వదిలేయడమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. అక్షరాలు చేత్తో రాసినవై, కాస్త పక్కకు ఒరిగి, చుట్టూ దుమ్ము చుక్కలు కనిపిస్తే కార్డుల కాలం. అంచులు మెట్లుమెట్లుగా ఉండి ఒకే రంగు నీడ ఉంటే అమీగా కంప్యూటర్ లాంటివాటితో పేర్లు వేసే టైట్లర్ పని. బంగారం, ఫ్లేర్ కలిసి వస్తే తొంభైల నడిమి నుంచి 2000ల మొదటి దాకా అనుకోవచ్చు. అక్షరాల్లోంచి కిరణాలు చిమ్ముతుంటే ఆ తర్వాతిది. ఫ్రేము వెడల్పుగా ఉన్నా పేరు మాత్రం మధ్యలో ఇరుక్కుని ఉంటే, పాత టీవీలకూ కొత్త వాటికీ కలిపి చేసిన రోజులది.

ఒక్క జాగ్రత్త. బాగా నడిచిన కార్యక్రమానికి టైటిల్ ఏళ్ల తరబడి మార్చేవాళ్లు కాదు. కాబట్టి ఆ ఎపిసోడు ఏ ఏడాదికి ముందుది కాదో లోగో చెబుతుంది, అంతవరకే. కచ్చితమైన ఆధారం కావాలంటే మూల ఉన్న ఛానెల్ బగ్, అంటే చిన్న గుర్తు, చూడండి. దూరదర్శన్ 'యాదగిరి' అని ఉంటే 2014 కంటే పాతది కాదు, 'స్టార్ మా' అని ఉంటే 2017 కంటే పాతది కాదు. వీహెచ్ఎస్ టేపుల్లో మొదటి టైటిల్ సగం కోసుకుపోయి ఉంటుంది, రికార్డ్ బటన్ ఆలస్యంగా నొక్కుతారు కదా. బ్రేక్ తర్వాత వచ్చే బంపర్ వెతకండి, అది నిండుగా దొరుకుతుంది.