పోయిన చోట వెతకొద్దు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి 62,000 వస్తుంది. షేర్ మార్కెట్ ఆప్షన్స్ ట్రేడింగ్‌లో రెండేళ్లలో 9 లక్షలు పోగొట్టుకున్నాను. అందులో మా పాప పేరున వేసిన ఎఫ్‌డీ కూడా ఉంది. పర్సనల్ లోన్ 3 లక్షలు, క్రెడిట్ కార్డు బాకీ 1.40 లక్షలు మిగిలాయి. ఇంట్లో ఎవరికీ తెలియదు. వచ్చే నెల లక్ష బోనస్ వస్తుంది. పోయిన చోటే వెతుక్కోవాలంటారు కదా, ఈసారి జాగ్రత్తగా చేసి రాబట్టుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ఆ డబ్బు అక్కడ లేదు. మీ చేతి నుంచి జారిన రోజే అది వేరొకరి లాభమైపోయింది.

మీరు పంపిన లావాదేవీల జాబితా రెండుసార్లు చదివాను. ఎక్కువ నష్టాలు మంగళవారాలవే, నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ, అంటే ఆ వారం కాంట్రాక్టుల గడువు ముగిసే రోజువి. మధ్యాహ్నం రెండింటికి 6,000 పోతే, అరగంట తిరక్కుండా రెట్టింపు లాట్లు (కాంట్రాక్టుల కట్టలు) కొన్నారు. ఇలా ఒకసారి కాదు, పదకొండు సార్లు జరిగింది. అంటే మీ తప్పు అంచనాలో లేదు, నష్టం వచ్చాక ఆగలేకపోవడంలో ఉంది. ‘జాగ్రత్త’ ఆ అరగంటలో పనిచేయదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ల లెక్క తీసి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిందేమిటంటే, ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. కాబట్టి మీరొక్కరే తెలివితక్కువ పని చేశారని కుంగిపోకండి. బ్రోకర్ యాప్‌లోకి వెళ్లి ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్‌ను ఇవాళే డీయాక్టివేట్ చేయండి.

ఇక కార్డు సంగతి. అసలు మంట అక్కడే ఉంది. మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.5 శాతం. 1.40 లక్షల మీద 4,900, దాని మీద 18 శాతం జీఎస్టీ 882. మినిమమ్ డ్యూ అని మీరు కట్టే 7,000లో అసలుకు చేరేది 1,200 చిల్లర మాత్రమే. బోనస్‌లో 90,000 నేరుగా కార్డుకు కట్టేయండి. 10,000 ఆసుపత్రి ఖర్చులాంటి వాటికి బ్యాంకులో ఉంచండి. మిగిలే 50,000 బాకీకి ఆ 7,000తో పాటు, ప్రతి నెలా ట్రేడింగ్ ఖాతాకు పంపుతున్న 5,000 కూడా కలిపి 12,000 కట్టండి. ఈలోగా కార్డు గీకకుండా ఉంటే ఐదో నెలలో బాకీ తీరిపోతుంది. ఆ తర్వాత అదే మొత్తంతో పర్సనల్ లోన్ ముందుగా తగ్గించుకోవచ్చు, కానీ ప్రీపేమెంట్ చార్జీ ఎంతో ముందే అడగండి.

నష్టమే కదా అని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపలేదన్నారు. చూపాలి. ఇది వ్యాపార నష్టం కిందకు వస్తుంది, ఐటీఆర్-3 వేయాలి. జీతంతో సర్దుబాటు కాదు గానీ, గడువులోపు వేస్తే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, రాబోయే వ్యాపార లాభంలో తగ్గించుకోవచ్చు.

మీ ఆవిడకు చెప్పడం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. ఈ లెక్క కాగితం మీద రాసి, బోనస్ పడకముందే ఆవిడ ముందు పెట్టండి. బాకీ ఎంతో, ఏ నెలకు తీరుతుందో చేతిలో ఉంటే మాట మొదలుపెట్టడం తేలిక. కోపం వస్తుంది, రానివ్వండి. రికవరీ ఏజెంట్ ఫోన్ ద్వారా తెలియడం కంటే మీ నోటితో తెలియడమే నయం.

పాప ఎఫ్‌డీ గురించి రాసిన వాక్యం చదివి నాకూ బాధేసింది. పాపకు ఏడేళ్లే కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతాకు ఇంకా సమయం ఉంది, పదేళ్లు నిండేలోపు తెరవాలి. ఏడాదికి కనీసం 250 కడితే చాలు. బోనస్ కోసం ఆగకండి, ఈ వారమే పోస్టాఫీసుకు ఇద్దరూ కలిసి వెళ్లండి.