అంత చిన్న దీవిలో మమ్మల్ని ఎవరు చూస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. వేసవిలో మేం వెళ్తే ఆఓగషిమా దీవికి తీసుకెళ్తానంటున్నాడు. అక్కడ 170 మందే ఉంటారట, పెద్ద హోటళ్లు లేవట. మాకు జపనీస్ రాదు, పైగా శాకాహారులం. ఎవరు పట్టించుకుంటారని టెన్షన్‌గా ఉందండీ.
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, ఆ భయం పెట్టుకోకండి. అక్కడ బస్సులూ టాక్సీలూ లేవు కాబట్టి, మీరు బస చేసే మిన్షుకు, అంటే ఇంటివాళ్లే నడుపుకునే చిన్న వసతి గృహం, వాళ్లే బండి వేసుకుని రేవుకి వస్తారు, మూడు పూటలా భోజనం కూడా సాధారణంగా వాళ్లే పెడతారు.

బస ఖాయం చేసుకోకుండా మాత్రం రావద్దంటారు. దానికి నొచ్చుకోకండి. ఊరంతటికీ ఒకటే కొట్టు, సరుకులేమో హచిజోజిమా అనే ఇంకో పెద్ద దీవి నుంచి ఓడలో రావాలి, అలలు పెద్దవైతే ఆ ఓడ ఆగిపోతుంది. ఎంతమంది వస్తున్నారో తెలిస్తేనే కదా కడుపునిండా పెట్టగలిగేది!

భోజనం సంగతి అబ్బాయి చేత ముందే ఫోన్‌లో అడిగించండి. "చేప తినం" అంటే సరిపోదు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో పోసే దాషి అనే రసం కూడా మామూలుగా ఎండుచేపతోనే కాస్తారు, అది కూడా విడిగా చెప్పాలి. ఇకెనోసావా దగ్గర భూమిలోంచి వచ్చే ఆవిరితో ఉడికించే పొయ్యిలున్నాయి, వాటిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చిలగడదుంపలు పట్టుకెళ్లి అందులో పెట్టండి, భలే ఉంటాయి. ఆ ఆవిరిని అక్కడివాళ్లు 'హింగ్యా' అంటారు.

నన్ను కదిలించేది వాళ్ల గతం. 1785లో అగ్నిపర్వతం బద్దలై దీవిలో సుమారు 130 మంది పోయారు, మిగిలినవాళ్లు పడవల్లో హచిజోజిమా చేరి దాదాపు యాభై ఏళ్లు పరాయి ఊళ్లోనే బతికి, ఆ తర్వాతే సొంతగడ్డకి తిరిగొచ్చారు. ఒకప్పుడు ఇంకొకరి గడప మీద ఆధారపడ్డ వాళ్ల వారసులు కనుకే ఆ ఊరి ఆతిథ్యం నాకు అంత విలువైనదిగా అనిపిస్తుంది.

జపాన్‌లో టిప్పు ఇచ్చే అలవాటు లేదు. డబ్బులు ఇవ్వబోకండి, మన కాజాల ప్యాకెట్ ఒకటి ఇంటావిడ చేతిలో పెట్టండి.

ఇంకోటి, తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజులు అదనంగా ఉంచుకోండి. ఓడ కాకపోతే హెలికాప్టరే దారి, అందులో తొమ్మిది సీట్లే, ఓడ ఆగిందంటే అవి వెంటనే నిండిపోతాయి. అలా చిక్కుకుపోతే ముందు మీ మిన్షుకు వాళ్లకే చెప్పండి.