క్యారవాన్ తగిలించుకుని సెలవులకు వెళ్లే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఈ సెలవులకు కారు వెనుక క్యారవాన్, అంటే లోపలే పడుకోగలిగే చక్రాల ఇల్లు, తగిలించుకుని పిల్లలతో బయలుదేరుతున్నామని రాశావు. సంతోషం. కారు నడపడంలో నీది చేయి తిరిగిన పనితనమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ టన్నుకు పైగా బరువు వెనుక చేరాక అది నువ్వు ఎరిగిన కారు కాదు. మలుపు తిరగడం, ఆగడం, గాలికి తట్టుకోవడం అన్నీ మారిపోతాయి. పైగా సెలవుల మొదటి రోజున రోడ్డెక్కిన ప్రతివాళ్లూ తొందరలోనే ఉంటారు. ఆ తొందర నీకు అంటకుండా ఉండాలంటే సగానికి పైగా పని ఇంటి ముందే ముగించుకోవాలి.

ముందు బరువు సంగతి చూడు. సామానుతో కలిపి ఎంత బరువు మించకూడదో క్యారవాన్‌కు బిగించిన రేకు మీద ఉంటుంది. కారు ఎంత లాగగలదో దాని పుస్తకంలో ఉంటుంది. కొత్తగా లాగేవాళ్లు క్యారవాన్ మొత్తం బరువు ఖాళీ కారు బరువులో 85 శాతం దాటనివ్వకూడదని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. నువ్వూ ఆ లెక్కకే కట్టుబడు. నీళ్ల ట్యాంకు నింపుకోవద్దు. 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు, చేరాక పట్టుకోవచ్చు. అంతా సర్దాక వే బ్రిడ్జి మీద ఒకసారి తూకం వేయించు. కంటి అంచనాను నమ్మవద్దు.

ఎంత బరువు అన్నదానికన్నా ఆ బరువు ఎక్కడుంది అన్నదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. క్యారవాన్‌ను తక్కెడ అనుకో. ఇరుసు దగ్గర పెట్టిన బరువు ఎటూ మొగ్గదు. వెనుక కొసన పెట్టినది ముందు భాగాన్ని పైకి లేపుతుంది, ఆపైన బండి తోక ఊగడం మొదలవుతుంది. బరువైనవన్నీ నేల మీద, ఇరుసుకు దగ్గరగా ఉంచు. పై అరల్లో దుప్పట్లు, బట్టలు చాలు. కారు కొక్కెం మీద కిందికి పడే బరువు మొత్తంలో 5 నుంచి 7 శాతం ఉండాలని ఐరోపాలో లెక్క. 1,200 కిలోల క్యారవాన్‌కు 60 నుంచి 84 కిలోలన్నమాట. ఆస్ట్రేలియాలో సాధారణంగా 10 శాతం దాకా చెబుతారు. కాబట్టి నీ బండి తయారీదారు ఏమన్నారో చూసుకుని, కారుకూ, కొక్కెం బిగించిన టో బార్ అనే కడ్డీకీ ఉన్న పరిమితుల్లో తక్కువదానికి లోబడి ఉండు. కొలవడం కష్టమేమీ కాదు. సమతలంలో చక్రాలకు అడ్డు పెట్టి, మనం బరువు చూసుకునే యంత్రాన్ని క్యారవాన్ ముందు కప్లింగ్ కింద, అంటే కారు కొక్కేనికి తగిలే పట్టు కింద, ఉంచు. కొక్కెం ఎత్తుకు సరిపోయేలా కోసిన కర్రముక్కను దాని మీద నిలబెట్టి, ముందున్న చిన్న చక్రాన్ని తిప్పి బరువంతా కర్ర మీదికి దించు. అంకె కనిపిస్తుంది.

కప్లింగ్ బిగించినప్పుడు చప్పుడు వినిపించిందని వదిలేయకు. అదే చిన్న చక్రాన్ని కాస్త కిందికి తిప్పి చూడు. కారు వెనుక భాగం కూడా దానితో పాటు పైకి లేస్తే పట్టు కుదిరినట్టు. తర్వాత ఆ చక్రాన్ని పూర్తిగా ఎత్తి బిగించు. కప్లింగ్ ఊడిపోతే క్యారవాన్ బ్రేకు వేసే తీగ ఒకటి ఉంటుంది, దాన్ని కారుకు గట్టిగా తగిలించు. దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో అల్లుడిని వెనుక నిలబెట్టి చూపించుకో. వెనుక రోడ్డు కనిపించేలా అదనపు అద్దాలు పెట్టుకో.

క్యారవాన్ టైర్లు అరిగిపోకముందే ముసలివవుతాయి. గాడి లోతు చూసి మోసపోకు. పక్కగోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనది. పక్కగోడ పగుళ్లిచ్చి ఉంటే గాడి ఎంత లోతున్నా మార్చాల్సిందే.

ఇక రోడ్డు మీద. వేగపరిమితి దేశానికొకటి. బ్రిటన్ మోటార్‌వేలో క్యారవాన్ లాగే కారుకు 60 మైళ్లు, జర్మనీలో ప్రత్యేక అనుమతి లేకపోతే 80 కిలోమీటర్లు. అది గరిష్ఠమే గాని అందుకోవాల్సిన లక్ష్యం కాదు. గాలి గట్టిగా వీస్తుంటే ఇంకా తగ్గించు. ముందున్న బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదులు. సెలవుల రద్దీలో ఆ ఖాళీ చూసి ఎవరో ఒకరు దూరుతారు. దూరనీ. మళ్లీ దూరం పెంచుకో. నీ వెనుక బండ్లు బారులు తీరితే, చోటు దొరికినప్పుడు పక్కకు ఆపి వాళ్లను పోనివ్వు. సహనం కోల్పోయినవాడు మలుపులో నిన్ను దాటబోవడం కన్నా మీరు పది నిమిషాలు ఆలస్యంగా చేరడం మేలు.

ఒక్క విషయం మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకో. పెద్ద లారీయో బస్సో దాటుతున్నప్పుడు దాని ముందు గాలి నిన్ను అవతలికి తోస్తుంది, తర్వాత దాని వైపు లాగుతుంది. అది దగ్గరపడుతోందని అద్దంలో చూడగానే వీలైనంత పక్కకు జరిగి, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకో. అయినా క్యారవాన్ అటూ ఇటూ ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసెయ్, అంతే. స్టీరింగ్ తిన్నగా ఉంచు. ఊపును సరిచేద్దామని ఎదురు తిప్పితే ఇంకా ఎక్కువవుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే వెనుక బరువు కారును నెడుతుంది. వేగం పెంచి బయటపడదామని అసలే అనుకోకు. అలాంటి క్షణంలో కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది, అందుకే ముందుగా చెబుతున్నాను. ఊపు తగ్గాక సురక్షితమైన చోట ఆపి, సామాను మళ్లీ సర్దు. దిగుడులో ఊపు తొందరగా వస్తుంది. దిగడానికి ముందే చిన్న గేరులోకి వచ్చేయ్.

పిల్లలు ఎంత బతిమాలినా, పడుకుంటామన్నా, నడుస్తున్న క్యారవాన్‌లో ఎక్కించకు. వాళ్లు కారులోనే బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. ఈ విషయంలో నీతో రాజీ లేదు. రెండు గంటలకొకసారి దిగి కాళ్లు చాచండి. ఆ సమయంలోనే కప్లింగ్‌నూ టైర్లనూ ఒకసారి చుట్టి చూసుకో. చీకటి పడకముందే చేరేలా బయలుదేరు. అలసిపోయి, చీకట్లో, కొత్త చోట వెనక్కి నడపడమంత చికాకు మరొకటి లేదు. వెనక్కి తెచ్చేటప్పుడు స్టీరింగ్ అడుగుభాగం పట్టుకో, చేయి ఎటు జరిపితే క్యారవాన్ అటే పోతుంది. దారి చూపించేవాళ్లు నీకు అద్దంలో కనిపించే చోటే నిలబడాలి. కనిపించకపోతే ఆగిపో.

తిరుగు ప్రయాణంలో సర్దడం ఎప్పుడూ గజిబిజిగానే సాగుతుంది. క్యారవాన్ పక్కన నీడకు వేసుకున్న పందిరి గుడ్డ వానకు తడిసి బరువెక్కి ఉంటుంది. దాన్ని మడిచి వెనుక మూలన పడేస్తారు. దాన్ని కూడా ఇరుసు మీదే పెట్టు, కొక్కెం మీద బరువు మళ్లీ కొలువు. చేరాక ఒకసారి ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య