మయామీ ఫ్యూజన్: పట్టికలో పైన, పద్దుల్లో అడుగున

ప్రశ్న: మెస్సీ ఆడే ఇంటర్ మయామీ కంటే ముందే అమెరికా లీగ్‌లో మయామీకి ఒక జట్టు ఉండేదని, ఆఖరి ఏడాది అందరికంటే ముందు నిలిచి కూడా మూతపడిందని విన్నాను. గెలుస్తున్న జట్టును ఎందుకు మూసేశారు?

జవాబు: మీరు విన్నది నిజమే. ఆ జట్టు మయామీ ఫ్యూజన్. 1998లో చికాగో ఫైర్‌తో పాటు మేజర్ లీగ్ సాకర్‌లో చేరింది. యజమాని కెన్ హోరోవిట్జ్ ప్రవేశ రుసుముగా 2 కోట్ల డాలర్లు కట్టారు. జట్టు నాలుగు సీజన్లే ఆడింది. 2002 జనవరి 8న లీగ్ దీన్నీ, టాంపా బే మ్యూటినీనీ ఒకేసారి రద్దు చేసింది.

చిక్కు మొదలైంది స్టేడియం దగ్గర. మయామీలోని ఆరెంజ్ బౌల్‌కు లీజు షరతులు కుదరలేదు. దాంతో ఫోర్ట్ లాడర్‌డేల్‌లోని లాక్‌హార్ట్ స్టేడియాన్ని సొంత ఖర్చుతో బాగుచేయించుకుని, సుమారు 20 వేల మంది పట్టేలా తయారుచేసుకున్నారు. నిజానికి చిన్న స్టేడియం ఎంచుకోవడం మంచి ఆలోచనే. అప్పట్లో మిగతా జట్లు చాలావరకు అమెరికన్ ఫుట్‌బాల్ కోసం కట్టిన భారీ స్టేడియాల్లో ఆడేవి, అక్కడ 15 వేల మంది వచ్చినా బోసిగానే కనిపించేది. కానీ లాక్‌హార్ట్ మయామీకి సుమారు 45 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది, కౌంటీ (మన జిల్లా లాంటిది) కూడా వేరు. జట్టు పేరులో ఉన్న ఊరి వాళ్లు సొంత జట్టు ఆట చూడాలంటే పక్క కౌంటీకి ప్రయాణం కట్టాలి.

1998 మార్చి 15న జరిగిన తొలి మ్యాచ్‌కు 20,450 మంది వచ్చారు. డీసీ యునైటెడ్ చేతిలో ఫ్యూజన్ 0-2తో ఓడింది. ఆ సీజన్ ముగిసేసరికి సగటు సుమారు 10,300కు దిగింది. 2000లో 7,500 దగ్గరికి పడిపోయింది.

రెండో పొరపాటు ఒక్క తార మీద ఆధారపడటం. కొలంబియా దిగ్గజం కార్లోస్ వాల్డెరామాను టాంపా నుంచి తెచ్చి ఆయన చుట్టూ జట్టును అల్లారు. 1999లోనే ఆయన మళ్లీ టాంపాకు వెళ్లిపోయారు.

2000 సీజన్ మధ్యలో రే హడ్సన్ కోచ్‌గా వచ్చాక ఆట మారింది. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ కప్ అనే వేరే నాకౌట్ టోర్నీలో ఫైనల్ దాకా వెళ్లి, చికాగో చేతిలో 1-2తో ఓడారు. ఇక 2001 జట్టు గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రెకీ, ఇయాన్ బిషప్ లాంటి అనుభవజ్ఞులు, ముందు వరుసలో డియెగో సెర్నా, గోల్ దగ్గర కుర్రాడు నిక్ రిమాండో. హోండురాస్ ఆటగాడు అలెక్స్ పినేదా చకోన్ 19 గోల్స్ కొట్టి లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత మిగిలిన లీగ్ మ్యాచ్‌లు రద్దవడంతో 28కి 26 మ్యాచ్‌లే ఆడారు. 16 గెలుపులు, 5 ఓటములు, 5 డ్రాలతో 53 పాయింట్లు తెచ్చుకుని, పట్టికలో మొదట నిలిచిన జట్టుకిచ్చే సపోర్టర్స్ షీల్డ్ గెలిచారు. కానీ ఆ తర్వాత లీగ్ విజేతను తేల్చే నాకౌట్ దశలో, సెమీఫైనల్ మూడో మ్యాచ్ అదనపు సమయంలో శాన్ హోసే ఆటగాడు ట్రాయ్ డేయక్ కొట్టిన గోల్డెన్ గోల్ (పడగానే మ్యాచ్ ముగిసిపోయే గోల్) వాళ్లను ఇంటికి పంపింది. లీగ్ కప్పు చివరికి శాన్ హోసేకే దక్కింది.

ఆ ఏడాది సగటు ప్రేక్షకులు 11,200కు పెరిగారు. ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు సగం ఎక్కువ. అయినా లీగ్ సగటు 15 వేల దరిదాపుల్లో ఉంది. సీజన్ మొత్తానికి టికెట్లు ముందే కొనేవారు తక్కువ, స్పాన్సర్లు అంతకన్నా తక్కువ. అందుకే ఆదాయంలో ఫ్యూజన్ లీగ్‌లోనే అట్టడుగున ఉండిపోయింది. తొలి అయిదేళ్లలో లీగ్ మొత్తం నష్టం సుమారు 25 కోట్ల డాలర్లని అంచనా. 12 జట్లను 10కి తగ్గించాలనుకున్నప్పుడు లీగ్ పెద్దలు పద్దుల పుస్తకమే చూశారు. ఇంకొక్క ఏడాది గడువిచ్చి ఉండాల్సిందని మా అభిప్రాయం, ఎందుకంటే జనం రావడం అప్పుడే మొదలైంది.

ప్రశ్న: జట్టు రద్దయితే ఆటగాళ్ల ఒప్పందాలు ఏమయ్యాయి?

జవాబు: ఈ లీగ్‌లో ఆటగాడు సంతకం చేసేది లీగ్‌తోనే, జట్టుతో కాదు. కాబట్టి జట్టు పోయినా ఒప్పందం పోదు. మూడు రోజులకే, జనవరి 11న, మిగిలిన 10 జట్లు డ్రాఫ్ట్ పెట్టుకుని వంతుల వారీగా ఆటగాళ్లను ఎంచుకున్నాయి. రిమాండో డీసీ యునైటెడ్‌కు, పాబ్లో మాస్ట్రోయెనీ కొలరాడోకు, పినేదా చకోన్ న్యూ ఇంగ్లండ్‌కు వెళ్లారు. మాస్ట్రోయెనీ అదే ఏడాది ప్రపంచకప్‌లో అమెరికాకు ఆడాడు.

ప్రశ్న: ఇంటర్ మయామీ ఆ పాత జట్టు కొనసాగింపేనా?

జవాబు: కాదు. అది వేరే యజమానులతో 2020లో ఆట మొదలుపెట్టిన కొత్త క్లబ్. ఫ్యూజన్ షీల్డ్ దాని లెక్కలోకి రాదు, 2024లో ఇంటర్ మయామీ గెలిచినదే దాని మొదటి షీల్డ్. మొదట్లో ఆడిన నేల మాత్రం ఒకటే. లాక్‌హార్ట్‌ను 2019లో పడగొట్టి అదే స్థలంలో కొత్త స్టేడియం కట్టారు. 2023లో మెస్సీ వచ్చి ఆడింది అక్కడే.