బండి సందేహాలు: ఓమ్నికి కొత్త కార్బొరేటర్ వేశాక

ప్రశ్న: నమస్కారమండీ. మాది 1998 మోడల్ మారుతి ఓమ్ని, క్యాటరింగ్ సామాన్లు తిప్పడానికి వాడుతున్నాం. పాత కార్బొరేటర్‌లో (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) బటర్‌ఫ్లై షాఫ్ట్, అంటే గాలి దారిని మూసి తెరిచే రేకు తిరిగే ఇరుసు, అరిగి వదులైపోతే కొత్తది కొని వేయించాం. అప్పటి నుంచి ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) బాగా పెంచితేనే ఇంజన్ నిలబడుతోంది, కొంచెం తగ్గించినా టక్కున ఆగిపోతోంది. మిక్చర్ స్క్రూ ఎటు తిప్పినా తేడా తెలియడం లేదు. ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు ఒక జర్క్, పైగా పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. కార్బొరేటరే డూప్లికేట్ అని ఒకరు, సెట్టింగ్ కుదరలేదని ఒకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మిక్చర్ స్క్రూ తిప్పినా తేడా లేదన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. జర్క్, పెట్రోల్ ఖర్చు, ఆగిపోవడం, ఇవన్నీ దాని వెనకాల వచ్చినవే అని నా అనుమానం.

బటర్‌ఫ్లై దాదాపు మూసుకుని ఉన్నప్పుడు దాని కింద, ఇంజన్ వైపు ఉండే సన్నటి రంధ్రంలోంచి ఐడిలింగ్‌కి కావలసిన పెట్రోల్ వస్తుంది, మిక్చర్ స్క్రూ అదుపు చేసేది ఆ ఒక్క రంధ్రాన్నే. బటర్‌ఫ్లై అంచుకి ఆనుకుని ఇంకా కొన్ని చిన్న రంధ్రాలుంటాయి, మనం యాక్సిలరేటర్ మీద కాలు పెట్టీ పెట్టగానే పనిలోకి దిగేవి. ఐడిలింగ్ నిలవడం లేదని స్పీడ్ స్క్రూ (బటర్‌ఫ్లై ఎంత తెరుచుకుని ఉండాలో పెట్టే మర) బిగించుకుంటూ పోతే బటర్‌ఫ్లై లేచి ఆ రంధ్రాలు ముందే బయటపడతాయి. ఇక ఇంజన్ వాటి మీదే నడుస్తుంది, మిక్చర్ స్క్రూతో దానికి పని లేదు. కదిలేటప్పుడు అందాల్సిన పెట్రోల్ ఐడిలింగ్‌లోనే ఖర్చయిపోతోంది కాబట్టి ఫస్ట్ గేర్‌లో జర్క్.

అంటే తేల్చుకోవాల్సింది ఐడిలింగ్ రంధ్రంలోంచి పెట్రోల్ ఎందుకు రావడం లేదని. లేదా వస్తున్నా, లీకుల్లోంచి దూరే దొంగ గాలి కలిసి పల్చబడిపోతోందా అని.

మొదట సొలినాయిడ్ చూడండి. కార్బొరేటర్ పక్కన ఒక వైరు వచ్చి తగిలే చిన్న గుండ్రటి భాగం ఉంటే అదే, కీ ఆపగానే ఐడిలింగ్ పెట్రోల్‌ని కట్ చేయడానికి పెడతారు. కీ ఆన్ చేసి (స్టార్ట్ చేయొద్దు) ఆ వైరు పీకి మళ్లీ తగిలించండి, టిక్కుమని చిన్న చప్పుడు రావాలి. రాలేదంటే వైరుకి కరెంటు లేదు, లేదా సొలినాయిడే పోయింది. అది తెరుచుకోకపోతే ఎంత మొనగాడు మెకానిక్ వచ్చినా ఐడిలింగ్ నిలబెట్టలేడు. కార్బొరేటర్ మార్చినప్పుడు ఈ వైరు తగిలించడం మర్చిపోవడం, తగిలించినా తుప్పు పట్టిన క్లిప్పే మళ్లీ పెట్టేయడం మామూలే, అందుకే ఇది ముందు చెప్పాను.

తర్వాత గాలి. కార్బొరేటర్ కింద ఇంజన్ వేడి తగలకుండా ఇన్సులేటర్ దిమ్మ, దానికి పైనా కిందా ప్యాకింగ్‌లు ఉంటాయి. కొత్త కార్బొరేటర్ వేస్తూ పాత ప్యాకింగ్‌లే వాడి ఉంటే, లేదా ఒక వైపు నట్లు ఎక్కువ బిగించి దిమ్మ వంకర పోయి ఉంటే అక్కడ గాలి లాగుతుంది. వాక్యూమ్ గొట్టాలు (ఇంజన్ పీల్పు అందే సన్న రబ్బరు గొట్టాలు) కూడా ఒక్కొక్కటే వేలితో నొక్కి చూడండి, ఎండిపోయి పగిలినవి, ఏదీ తగిలించకుండా ఖాళీగా వదిలేసినవి దొరుకుతాయి. నడుస్తున్న ఇంజన్ మీద పెట్రోలో క్లీనర్ స్ప్రేనో కొట్టి లీకు పట్టడం చాలామంది చేస్తారు గానీ ఓమ్నిలో ఇంజన్ సీటు కిందే ఉంటుంది, వేడి సైలెన్సర్ పక్కనే, నేనైతే వద్దంటాను. ప్యాకింగ్ అంచుల వెంట నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేయండి, లీకు ఉన్నచోట ఇంజన్ చప్పుడు ఒక్క క్షణం మారుతుంది.

ఈ రెండూ బాగుంటే స్లో జెట్‌లో (ఐడిలింగ్ పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రమున్న మర) నలక చేరి ఉంటుంది. పాత ట్యాంకు తుప్పు కొత్త కార్బొరేటర్‌లోకి దిగడానికి ఎంతో సేపు పట్టదు. జెట్ విప్పి క్లీనర్ కొట్టి గాలితో ఊదించండి, సన్నటి తీగ మాత్రం పెట్టొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. పెట్రోల్ ఫిల్టర్ కూడా అప్పుడే మార్చేయండి.

ఇక ట్యూనింగ్. దానికి ముందు ట్యాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించి, ప్లగ్గులు చూసి, డెల్కోలో (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) పాయింట్ ఉన్న బండి అయితే గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య పెట్టించి, టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) కూడా సరిచూడాలి. సిలిండర్లకి నిప్పు అందే వరస 1-3-2, ప్లగ్ వైర్లు అలాగే ఉండాలి, ఒకసారి చూసుకోండి.

ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి, చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి గాలి తగ్గించే రేకు) పూర్తిగా తెరుచుకోవాలి, లైట్లూ ఫ్యానూ ఆపేయాలి, ఎయిర్ ఫిల్టర్ దాని చోట దాన్ని పెట్టాలి. ఫిల్టర్ పక్కన పెట్టి ట్యూన్ చేస్తే, మళ్లీ బిగించగానే ఆ సెట్టింగ్ మారిపోతుంది. మిక్చర్ స్క్రూని ఇంజన్ ఆపి మెల్లగా చివరిదాకా దించి (బలవంతంగా బిగిస్తే మొన పాడవుతుంది) రెండు రెండున్నర చుట్లు బయటికి తిప్పండి, ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. స్టార్ట్ చేసి స్పీడ్ స్క్రూతో ఐడిలింగ్ 800–900 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరికి తెచ్చి, ఇప్పుడు మిక్చర్ స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజన్ ఎక్కడ గరిష్ఠ వేగంతో నున్నగా తిరుగుతుందో పట్టుకోవాలి. వేగం పెరిగితే స్పీడ్ స్క్రూతో తగ్గించి మళ్లీ మిక్చర్, మళ్లీ స్పీడ్, ఇక పెరగడం ఆగేదాకా. ఆఖర్న మిక్చర్ స్క్రూని కాస్త లోపలికి, వేగం ఓ 20, 30 ఆర్‌పీఎం పడేంత. లోపలికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది, బయటికి తిప్పితే పెరుగుతుంది. కొన్ని బైకుల్లో గాలి స్క్రూ ఉంటుంది, అక్కడ లెక్క తలకిందులు, బైకు మెకానిక్‌లు వ్యాన్ ముట్టుకుంటే గందరగోళం అందుకే. టాకోమీటర్ ఓమ్నిలో ఉండదు కాబట్టి ఆర్‌పీఎం చూపించే మల్టీమీటర్ ఉన్న షాపుకి వెళ్లండి, చెవితో కూడా కుదురుతుంది గానీ చివరి 20 ఆర్‌పీఎం చెవికి అందదు.

ఇంకో మాట. ఇది మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్, ఐడిలింగ్‌లో కొంచెం వణుకుతుంది, అది దాని స్వభావం. ఆ వణుకు పోవాలని ఆర్‌పీఎం పెంచేయడంతోనే సగం బళ్లు మీ స్థితికి వస్తాయి.

ఇదంతా అయ్యాక కూడా జర్క్ మిగిలితే ఇంజన్ ఆపి, ఫిల్టర్ తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లాగండి. పెట్రోల్ పిచికారీలాగా వెంటనే రావాలి, ఆలస్యమైనా నీరసంగా వచ్చినా యాక్సిలరేటర్ పంపు సంగతి చూడాలి.

డూప్లికేటా కాదా అన్నది పైకి చూసి తేల్చలేం. పాత కార్బొరేటర్ పారేయలేదు కదా? దాని జెట్ల మీది నంబర్లు, కొత్తదాని జెట్ల నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే, ముందు బండి బాగా నడిచింది కాబట్టి, మరలు సరిపోతే పాత జెట్లే శుభ్రం చేసి వేయించండి. కొత్తదాని బటర్‌ఫ్లై షాఫ్ట్ ఇప్పుడే కదులుతుంటే మాత్రం షాపువాడికి తిరిగిచ్చేయండి, దాన్ని ఏ స్క్రూ బాగుచేయలేదు.

సెట్టింగ్ అయ్యాక పొల్యూషన్ సెంటర్‌లో రీడింగ్ తీయించండి, సర్టిఫికెట్ కోసమే కాదు, మీ మిక్చర్ ఎలా ఉందో అంకెల్లో తెలుస్తుంది. మీ బండి కాలపు కార్లకి ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం. దానికి బాగా పైన ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోందన్నమాట.

ప్రశ్న: మా పాత వ్యాన్ ట్యూనింగ్ ఏమీ మార్చలేదు, అయినా ఈ మధ్య చలిలో దగ్గుతోంది, పికప్ తగ్గింది. ఇథనాల్ పెట్రోల్ వల్లనా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: కొంతవరకు కావచ్చు. మామూలు పెట్రోల్ ఒక పాలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 పాళ్లే చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పోస్తే కొత్త బళ్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, పాత జెట్ ఎంత వదలగలదో అంతే వదులుతుంది, మిశ్రమం పల్చబడుతుంది. ఐడిలింగ్‌లో మిక్చర్ స్క్రూ పావు చుట్టు, అర చుట్టు బయటికి తిప్పితే దగ్గు తగ్గొచ్చు. రోడ్డు మీద కూడా నీరసంగా ఉంటే మెయిన్ జెట్ (బండి పరుగులో ఉన్నప్పుడు పెట్రోల్ వదిలేది) ఒక నంబరు పెద్దది వేసే ఆలోచన చేయాలి, అదీ ప్లగ్గులు, టైమింగ్ చూసిన తర్వాతే. అంతకంటే ముందు పెట్రోల్ గొట్టాలు, పంపు డయాఫ్రం (పంపులోని రబ్బరు పొర) చూపించండి. పాతకాలపు రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది. సీటు ఎత్తితే పెట్రోల్ వాసన వస్తోందంటే ట్యూనింగ్ సంగతి తర్వాత, ముందు గొట్టాలు మార్పించండి.

ప్రశ్న: ఎల్‌పీజీ కిట్ ఉన్న ఓమ్ని. గ్యాస్ మీద బాగానే ఉంది, పెట్రోల్‌కి మారిస్తే ఆగిపోతోంది.
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ఎప్పుడూ గ్యాస్ మీదే తిప్పుతుంటే ఫ్లోట్ చాంబర్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నె) ఎండిపోయి ఉంటుంది, దానిలోకి పెట్రోల్ వదిలే నీడిల్ అంటుకుపోతుంది, పంపు డయాఫ్రం గట్టిపడుతుంది. కార్బొరేటర్ విప్పి కడిగించి కొత్త రిపేర్ కిట్ వేయించండి. ఆ తర్వాత వారానికోసారైనా కొన్ని కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి.