బుల్లెట్ తగిలితే మనిషి వెనక్కి ఎగిరిపడతాడా? 9ఎంఎం తూటా కంటే .45 (అంగుళాల్లో తూటా వ్యాసం) తూటాకి ‘స్టాపింగ్ పవర్’, అంటే తగిలినవాణ్ణి అక్కడికక్కడే ఆపే శక్తి, ఎక్కువన్నది నిజమేనా?

ఎగిరిపడడు. దీనికి హైస్కూలు భౌతికశాస్త్రం చాలు.

9ఎంఎం తూటా బరువు 8 గ్రాములు, వేగం సెకనుకు 360 మీటర్లు అనుకుందాం. ద్రవ్యవేగం (కిలోల్లో బరువును వేగంతో గుణిస్తే వచ్చేది, అంటే తోపు) 2.9 వస్తుంది. 160 గ్రాముల క్రికెట్ బంతిని గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేస్తే 6.2. అంటే ఫాస్ట్ బౌలర్ బంతిలో ఉన్న తోపులో సగం కూడా తూటాలో లేదు. ఆ బంతి పక్కటెముకలకు తగిలిన బ్యాట్స్‌మన్ వంగిపోతాడు, మూలుగుతాడు, అంతేగానీ వికెట్ల మీదుగా ఎగిరి కీపర్ ఒళ్లో పడడు. తూటా మొత్తం ఒంట్లోనే ఆగిపోయినా, 70 కిలోల మనిషికి వచ్చే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. .45 తూటా (15 గ్రాములు, 255 మీటర్లు) ద్రవ్యవేగం 3.8. ఏకే-47 తూటా కూడా 5.6 దగ్గరే ఆగుతుంది.

సినిమాలో తుపాకీ పేలగానే రౌడీ వెళ్లి సుమో అద్దం మీద పడటం నడుముకు కట్టిన రోప్ మహిమ. దండం ఫైట్ మాస్టర్‌కి పెట్టాలి. తూటాకి నిజంగా అంత తోపు ఉంటే, న్యూటన్ మూడో నియమం ప్రకారం కాల్చిన హీరో కూడా వెనక్కి ఎగరాలి. ఇంతవరకు ఏ డైరెక్టరూ హీరోని ఎగరేయలేదు.

మరి మనిషి ఎందుకు పడతాడు? మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలితే తక్షణం. లేదంటే రక్తం పోయి పడతాడు, దానికి టైమ్ పడుతుంది. గుండె పూర్తిగా పాడైనా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో 10-15 సెకన్లు మనిషి అనుకున్న పని చేయగలడని 1989లో ఎఫ్‌బీఐ కోసం యూరీ పాట్రిక్ రాసిన నివేదికలో ఉంది. మూడోది మనసు. ‘నాకు తగిలింది’ అనిపించగానే కూలబడేవాళ్లుంటారు, తగిలిందని తెలియకుండానే పరిగెత్తేవాళ్లూ ఉంటారు. తూటా సైజుకి ఇందులో పాత్ర లేదు.

అమెరికాలోని మయామీలో 1986 ఏప్రిల్ 11న జరిగింది ఈ చర్చలో ఎప్పుడూ వచ్చే కేసు. ఇద్దరు బ్యాంకు దొంగలు, ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు. ప్లాట్ అనే దొంగ కారు కిటికీలోంచి బయటికి పాకుతుండగా ఏజెంట్ జెర్రీ డవ్ కాల్చిన 9ఎంఎం హాలో పాయింట్ (ముక్కున గుంత ఉండి, ఒంట్లో విచ్చుకునే తూటా) తగిలింది. కుడి చేతి పైభాగంలో దూరి, రక్తనాళాలు తెంచుకుంటూ చంక దగ్గర బయటికొచ్చి, మళ్లీ ఛాతీలోకి వెళ్లి ఊపిరితిత్తిలో ఆగింది. గుండె ఇంకో అంగుళం దూరంలో ఉంది. ఊపిరితిత్తి కుప్పకూలింది, ఛాతీలో లీటరుకు పైగా రక్తం చేరింది. అయినా ప్లాట్ రైఫిల్ వదల్లేదు. ఆ తర్వాతే డవ్‌నీ, మరో ఏజెంట్ బెన్ గ్రోగన్‌నీ చంపాడు. చచ్చేసరికి అతని ఒంట్లో 12 గాయాలు. మత్తుమందు తీసుకున్నాడేమో అని పరీక్షిస్తే ఏమీ దొరకలేదు.

ఆ తూటా చెడ్డదేం కాదు. విచ్చుకోమని తయారు చేశారు, విచ్చుకుంది. దాని లోతంతా చేయే తినేసింది. మనిషి ఛాతీ అంత మందం లేకపోయినా ఎఫ్‌బీఐ 12 నుంచి 18 అంగుళాల చొరబాటు అడిగేది ఇందుకే: అడ్డంగా తగలొచ్చు, ముందు చెయ్యి రావొచ్చు.

ఆ లోతు కొలిచేది కండరానికి బదులు వాడే జెలటిన్ దిమ్మలో. బరువు లెక్కన పొడి ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. పొడిని చన్నీళ్లలో నానబెట్టి నెమ్మదిగా వేడి చేయాలి, మరిగిస్తే పట్టు పోతుంది. దిమ్మ లోపలిదాకా 4 డిగ్రీలకు చల్లబడాలి. ముందు 4.5 ఎంఎం ఉక్కు బీబీని (చిన్న గుండుని) సెకనుకు 180 మీటర్ల వేగంతో కాల్చి చూస్తారు. అది 8.5 సెంటీమీటర్ల దగ్గర, ఓ సెంటీమీటరు అటూఇటూగా ఆగాలి. ఇంకా లోపలికి పోయిందంటే దిమ్మ మెత్తబడిందన్నమాట, దాని మీద తీసిన కొలతలన్నీ చెత్తబుట్టకే. యూట్యూబ్‌లో ఎండలో బల్ల మీద పెట్టి కాల్చే దిమ్మల సంగతి దీన్నిబట్టి మీరే ఊహించుకోండి. దిమ్మ ముందు నాలుగు పొరల జీన్స్ గుడ్డ కూడా కడతారు. హాలో పాయింట్ గుంతలో గుడ్డ కూరుకుపోతే తూటా విచ్చుకోదు, మామూలు తూటాలా నేరుగా లోపలికి దూసుకుపోతుంది.

స్లో మోషన్‌లో దిమ్మ బెలూన్‌లా ఉబ్బడం చూసి కూడా మోసపోకండి. పిస్తోలు వేగాల్లో కండరం, ఊపిరితిత్తి ఆ సాగుడుని తట్టుకుని మళ్లీ మూసుకుంటాయి, కాలేయం లాంటివే తట్టుకోలేవు. సెకనుకు 600 మీటర్లు దాటిన రైఫిల్ తూటాల సంగతి వేరు.

.45 పురాణం మొదలైంది ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం వాడిన .38 రివాల్వర్లు పనిచేయలేదన్న ఫిర్యాదులతో. 1904లో థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు అమెరికా సైనికాధికారులు చికాగో పశువుల దొడ్లో ఎడ్లను కాల్చి చూశారు, మనుషుల శవాలను వేలాడదీసి తూటాకి ఎంత ఊగాయో చూశారు. వేలాడే శవం ఎంత ఊగిందో చూస్తే తెలిసేది ద్రవ్యవేగం, గాయం తీవ్రత తెలియదు. దాని మీదే ‘.45కి తగ్గొద్దు’ అని రాసిచ్చారు.

1990ల్లో మార్షల్, సానో అనే ఇద్దరు రచయితలు ‘ఒక్క తూటాతో పడినవాళ్ల’ శాతాలు ఇచ్చారు. రెండు తూటాలు తగిలిన కేసులు అందులో లెక్కలోకే రావు. మొదటిది పనిచేయకే కదా రెండోది కాల్చేది! ఫెయిలైన పిల్లల పేర్లు తీసేసి నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని ఫ్లెక్సీ కట్టే కాలేజీ లెక్క ఇది.

మయామీ తర్వాత 10ఎంఎం, .40 అంటూ తిరిగిన ఎఫ్‌బీఐ, పాతికేళ్లు దాటాక మళ్లీ 9ఎంఎంకే వచ్చింది. తూటాలు మెరుగయ్యాయి, తుపాకీ వెనక్కి తన్నడం తక్కువ, గురి త్వరగా కుదురుతుంది. మన దేశంలో ఎలాగూ మామూలు లైసెన్సుకి 9ఎంఎం ఇవ్వరు, అది నిషేధిత బోరు (తుపాకీ గొట్టం సైజు). ఎక్కువగా దొరికేది .32 రివాల్వర్. కాబట్టి 9ఎంఎం గొప్పా .45 గొప్పా అని ఇక్కడ మనం కొట్టుకోవడం, టికెట్ లేకుండా స్టేడియం బయట నిలబడి ఫీల్డింగ్ సెట్ చేయడమే.